మరి ఎన్నాళ్ళు చేస్తావమ్మాయ్?

(విజయవాడలో డీటీపీ ఆపరేటర్లు, చిన్న పత్రికల వాళ్ళు, ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక్కి వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినవాళ్ళు, పాత ఫాంట్ల తెలుగుని ఏ కంప్యూటరైనా చదవగల యూనికోడ్‌లోకి మార్చే నా కన్వర్టర్ గురించి మాట్లాడమన్నారు. దాని గురించి కొంచెమే మాట్లాడతాను. ఇవాళ నేను డబ్బులు అడగడానికి వచ్చాను. ముందే చెప్పేస్తే మీకూ నాకూ టెన్షన్ ఉండదు. ఇష్టం లేనివాళ్ళు ఇప్పుడే టీకి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను. (నవ్వులు) ఎవరూ లేవలేదు. సంతోషం.

రెండేళ్ళ కిందట తెనాలి నుంచి ఒక మాస్టారు ఫోన్ చేశారు. రిటైరైన తెలుగు పండితులు. ముప్ఫై ఏళ్ళుగా రాసిన వ్యాసాలన్నీ అనూ అనే పాత ఫాంట్లలో టైపు చేయించి సీడీల్లో దాచుకున్నారు. అవన్నీ నా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకుంటున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్. "అమ్మాయ్, స్త్రీ బాగానే వస్తోంది గానీ జ్ఞానం విరిగిపోతోంది" అన్నారు. ఆ మాటకి నవ్వొచ్చింది. ఆ రాత్రే కూర్చుని సరిచేసి పంపాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోన్. "బాగుంది. దీనికి నీకేం వస్తుందమ్మాయ్?" "ఏమీ రాదు మాస్టారూ, ఉచితమే" అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాననుకుంటాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "మరి ఎన్నాళ్ళు చేస్తావు?"

మెచ్చుకుంటారనుకున్నాను. ఎంతివ్వమంటావని అడుగుతారేమోననీ అనుకున్నాను. ఆయన ఆ రెండూ చేయలేదు. ఇంకా రెండు సీడీలు మిగిలున్నాయి, ఈ పిల్ల మధ్యలో మానేస్తే నా గతేమిటి అన్నది ఆయన బెంగ. ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంచెం ఉంది. అది చెబుదామనే వచ్చాను.

విద్యార్థుల కోసం ఈ పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. డీటీపీ వాళ్ళకి నిద్రలో లేపినా తెలుసు. పాత ఫాంట్లలో మీకు తెరమీద తెలుగు కనిపిస్తుంది గానీ, కంప్యూటరుకి మాత్రం అవి ఇంగ్లిష్ అక్షరాలూ, వింత గుర్తులూ. ఫాంటు తీసేస్తే అంతా పిచ్చిగీతలే. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, చివర్న గుడిదీర్ఘం. పాత ఫాంటులో మాత్రం కంటికి కనిపించే వరస. ముందు ‘సీ’ బొమ్మ, తర్వాత త ఒత్తు, ర ఒత్తు. అంటే దీర్ఘాన్ని పీకి చివరికి తీసుకుపోవాలి. ఇలా ప్రతి ఒత్తుకీ ఒక కథ. దానికి తోడు ఫాంటు వెర్షను మారితే కొన్ని గుర్తుల చోట్లు మారతాయి. ఒకరి ఫైలు బాగా వచ్చిందని సంబరపడితే పక్కవాళ్ళ ఫైల్లో ‘క్ష్మ’ ఊడిపోతుంది. విండోస్ అప్‌డేట్ వచ్చిన వారం నా ఫోను మోగుతూనే ఉంటుంది. ఈ పని అయిపోయింది అని చెప్పే రోజు రాదు. నెలకి దాదాపు నలభై గంటలు పడుతోంది. నేను రాసి పెట్టుకుంటాను కాబట్టి తెలుసు. అవన్నీ ఉద్యోగం అయ్యాక రాత్రుళ్ళూ, ఆదివారాలూ.

ఇంగ్లిష్‌లో ఇలా కోడ్ అందరికీ తెరిచిపెట్టే సాఫ్ట్‌వేర్‌కి వాడే ‘ఫ్రీ’ అన్న మాటకి రెండు అర్థాలుండి అక్కడివాళ్ళు నలభై ఏళ్ళుగా తలబాదుకుంటున్నారు. మనకా బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. మాట వేరుగా ఉన్నా మనమూ రెండూ కలిపేశాం, అదే విచిత్రం. నా కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. లైసెన్సులో అలాగే రాశాను, ఆ మాట వెనక్కి తీసుకోను. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోనెత్తుతానని మాత్రం ఆ లైసెన్సులో ఎక్కడా లేదు. ఎత్తడం మానేద్దామనీ లేదు. ఎత్తగలిగే స్థితిలో ఎన్నాళ్ళుంటానన్నదే లెక్క.

సరే, అడగాలనుకున్నాను. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మకే ముందు చెప్పాను. "ఉద్యోగం చేసుకుంటూ చందాలు వసూలు చేస్తావా? పరువు తక్కువ" అంది. చందా అనగానే మనకి వినాయకచవితి ముందు గేటు కొట్టే కుర్రాళ్ళే గుర్తొస్తారు మరి. దానికీ ఇస్తాం, ఎందుకంటే పందిరి కళ్ళముందు లేస్తుంది, పాటలు వద్దన్నా వినిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ బాగా పనిచేస్తే కనబడదు. పాడైతేనే కనబడుతుంది.

అమ్మకి నేను హరికథ గుర్తుచేశాను. మా తాతగారి ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో దాసుగారు కథ చెప్పేవారు. సరిగ్గా సీతాకల్యాణం దగ్గరికి వచ్చేసరికి కథ ఆగేది. పళ్ళెం కదిలేది. "ఫలానావారు నూటపదహార్లు చదివించారు", "ఫలానా అమ్మగారు ఐదు రూపాయలు" అని చిడతలు వాయిస్తూ గొంతెత్తి చదివేవారు. నూటపదహార్లకీ ఐదు రూపాయలకీ అదే గొంతు. ఏమీ ఇవ్వనివాళ్ళు కూడా కథ చివరిదాకా వినేవాళ్ళు, లేచి పొమ్మన్నవాళ్ళు లేరు. ఆయన అడుక్కుంటున్నాడని ఎవరూ అనుకోలేదు. అమ్మ కూడా చిన్నప్పుడు కొంగున ముడేసుకున్న అర్ధరూపాయి ఆ పళ్ళెంలో వేసిందట. అది చెబుతుంటేనే తన పట్టు సడలింది.

నాకు అందులో పనికొచ్చిన సంగతి ఒకటుంది. దాసుగారు కథ అయిపోయాక అడగలేదు. అయిపోయాక అడిగితే జనం చెప్పులు వెతుక్కుంటుంటారు. మధ్యలో, కథ ఇంకా కావాలని అందరికీ ఉన్నప్పుడు అడిగారు. మా మాస్టారి ప్రశ్న కూడా అదే కదా. చేసినదానికి బహుమతి అని కాకుండా, ఇకముందు సాగడానికి.

ప్రపంచంలో ఇలాంటి పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లకి ఈ మధ్యలో ఆపే చోటు దొరక్క ఏమైందో చెబుతాను.

2014 ఏప్రిల్. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అని ఒక లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్. మీరు బ్యాంకు సైటు తెరిస్తే తాళం గుర్తు కనిపిస్తుంది చూడండి, ఆ పని ఎన్నో సర్వర్లలో అదే చేస్తుంది. అందులో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. రెండేళ్ళ నుంచీ ఉంది, ఎవరూ చూడలేదు. ఎందుకు చూడలేదంటే చూసేవాళ్ళు లేరు. పూర్తికాలం పనిచేసేది ఒక్క మనిషి. డబ్బు వ్యవహారాలు చూసే స్టీవ్ మార్కెస్ అప్పుడు బయటపెట్టిన లెక్క ప్రకారం ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2 వేల డాలర్లు. గొడవ జరిగిన వారంలో సుమారు 9 వేలు వచ్చాయి, ఎక్కువగా మామూలు మనుషుల నుంచి, ఐదూ పదీ డాలర్లు. దాన్ని వాడుకుని కోట్లు గడించిన కంపెనీలు అప్పటిదాకా ఏం చేస్తున్నాయని ఆయన అడిగాడు. ఆ తర్వాతే పెద్ద కంపెనీలు, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వెనకున్న లైనక్స్ ఫౌండేషన్ కింద ఒక నిధి పెట్టాయి.

జర్మనీలో వెర్నర్ కోఖ్ అని ఒకాయన. 1997 నుంచి జీఎన్‌యూపీజీ అనే ప్రోగ్రాం రాస్తున్నాడు. ఈమెయిళ్ళకి తాళం వేసే పనిముట్టు. అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్ ఆ పత్రాలు విలేకరులకి అందించడానికి వాడింది ఇలాంటిదే. కోఖ్ దగ్గర డబ్బులైపోయాయి. మానేద్దామనుకున్నాడు. 2015 ఫిబ్రవరిలో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ ఆయన పరిస్థితి రాసింది. అంతే, ఫేస్‌బుక్, చెల్లింపుల కంపెనీ స్ట్రైప్ చెరో 50 వేల డాలర్లు ఏటా ఇస్తామన్నాయి, జనం విరాళాలు వెల్లువెత్తాయి. నాకు సంతోషమే గానీ, అప్పటికి పద్ధెనిమిదేళ్ళు గడిచాయి! కంపెనీల్లో కూర్చున్నవాళ్ళకి పొద్దున పేపరు చదివితే గానీ తెలియలేదా? మనది చేతులు కాలాక ఆకులు పట్టుకునే జాతి అని మా నాన్న తిడుతుంటారు, తెల్లవాళ్ళూ అంతేనని ఆయనకి చెప్పాను.

మూడోది వింటే నాకు ఇప్పటికీ కడుపులో దేవుతుంది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళు కుదించే ప్రోగ్రాం. దాన్ని ఫిన్లాండులో లాస్సే కోలిన్ అనే మనిషి ఒంటరిగా చూసుకుంటున్నాడు. 2022లో కొందరు ఆయన మీద పడ్డారు. పని నెమ్మదిగా సాగుతోంది, వేరేవాళ్ళకి అప్పగించెయ్ అని. మనసు బాగోలేక చాలాకాలంగా ఇబ్బంది పడుతున్నాననీ, ఇది జీతంలేని సరదా పనే కదా అనీ ఆయన ఓపిగ్గా జవాబు రాశాడు. ఆ సమయంలోనే జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయం చేస్తానంటూ చేరారు. బాగా పనిచేసి నమ్మకం సంపాదించి, 2024 నాటికి దొంగ తలుపు ఒకటి దూర్చారు. బయటపడకపోతే ప్రపంచంలో ఎన్నో లైనక్స్ సర్వర్లకి దొడ్డిదారి అయ్యుండేది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకి లాగిన్ అర సెకను ఆలస్యంగా అవుతోందేమిటని అనుమానం వచ్చి తవ్వాడు కాబట్టి 2024 మార్చి 29న బయటపడింది. అలసిపోయిన మనిషి దగ్గరికి సాయం చేస్తానని వచ్చింది దొంగ ఒక్కడే. నిజం వాడకందార్లలో ఒక్కరైనా ముందే వచ్చి ‘ఏమయ్యా, ఎలా ఉన్నావ్, ఏం కావాలి’ అని అడిగుంటే? ఏమో.

అయితే అడిగే పద్ధతి కూడా ఉంటుంది. కోర్-జేఎస్ అని వెబ్‌సైట్లు రాసే జావాస్క్రిప్ట్ భాషలో ఒక లైబ్రరీ ఉంది, డెనిస్ పుష్కర్యోవ్ అనే రష్యన్ది. లెక్కలేనన్ని సైట్లలో ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసినప్పుడల్లా తెరమీద ‘ప్రాజెక్టుకి సాయం కావాలి, నేను మంచి ఉద్యోగం కూడా వెతుకుతున్నాను’ అని రెండు ముక్కలు వచ్చేలా పెట్టాడు. దానికి జనం తిట్టిన తిట్లు చదవలేం. 2023లో ఆయన తన గోడు వెళ్ళబోసుకుంటూ రాసిన వ్యాసం చదివితే జాలేస్తుంది. తిట్టినవాళ్ళది తప్పే. కానీ చోటు కూడా తప్పే. అది చదివేది వేరే పని హడావుడిలో ఉన్న ప్రోగ్రామరు, ఆ లైబ్రరీ తన ప్రాజెక్టులోకి ఎలా వచ్చిందో కూడా తెలియనివాడు.

నేనూ అదే చేశాను. కన్వర్టర్ తెరిచినప్పుడల్లా ఒక పెట్టె ఎగిరి వచ్చేలా పెట్టాను. రెండో రోజున గవర్నర్‌పేట నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెళ్ళికార్డు పార్టీ పక్కన కూర్చుని ఉంటే నీ చిప్ప ముందుకొస్తోంది, నాకు సిగ్గుగా ఉంది" అన్నాడు. (నవ్వులు) ఆ సాయంత్రమే తీసేశాను. ఇప్పుడు యాభయ్యో ఫైలు మార్చాక ఒక్కసారి వస్తుంది. ‘మీరు ఇప్పటికి 50 ఫైళ్ళు మార్చారు. ఇది నడవడానికి సాయం చేయాలనుకుంటే ఇక్కడ నొక్కండి.’ వద్దంటే మళ్ళీ మూడు నెలల దాకా రాదు. ఆ లెక్క మీ కంప్యూటరులోనే ఉంటుంది, నాకు రాదు. అదే నా సీతాకల్యాణ ఘట్టం. పెట్టె మార్చిన నెలలోనే ఇచ్చేవాళ్ళు నలుగురి నుంచి పంతొమ్మిదికి వెళ్ళారు.

ఫోను యాప్ చేసేవాళ్ళు ఇక్కడ జాగ్రత్త. 2019 అక్టోబరులో వైర్‌గార్డ్ అనే మంచి వీపీఎన్ (ఇంటర్నెట్ రాకపోకల్ని గోప్యంగా ఉంచే) యాప్‌ని గూగుల్ ప్లే స్టోర్ కొన్నాళ్ళు తీసేసింది. కారణం లోపలున్న డొనేషన్ లింకు. ఆ లింకు తీసేశాకే మళ్ళీ పెట్టారు. అడగడానికి కూడా అనుమతి కావాల్సిన రోజులివి.

అడిగి బాగుపడ్డవాళ్ళు లేరా? ఉన్నారు. వెబ్‌సైట్లు కట్టే వ్యూ జేఎస్ అనే పనిముట్టు చేసిన ఇవాన్ యూ 2016లో ఉద్యోగం మానేసి చందాల మీదే దాన్ని నడిపాడు. కేలబ్ పోర్జియో అనే అమెరికన్ 2020 నాటికి, ప్రోగ్రామర్లకి చందాలిచ్చే గిట్‌హబ్ స్పాన్సర్స్‌లో ఏడాదికి లక్ష డాలర్ల స్థాయికి చేరాడు. ఊరికే అడిగితే అంత రాలేదు. చందాదారులకి పాఠాల వీడియోలు ఇచ్చాక వచ్చింది. కానీ వాళ్ళ వాడకందార్లు జీతాలొచ్చే ప్రోగ్రామర్లు. నా వాడకందార్లు మీరు. పేజీకి ఇంత అని కట్టించుకునే డీటీపీ షాపులు. కాబట్టి వాళ్ళ లెక్కలు చూసి నేను కలలు కనలేదు.

బ్రామ్ మోలెనార్‌ది ఇంకో దారి. విమ్ అనే, కోడ్ రాసుకునే ఎడిటర్ని 1991 నుంచి 2023లో చనిపోయేదాకా నడిపాడు. ఇష్టమైతే డబ్బివ్వండి, కానీ నాకు కాదు, ఉగాండాలో పిల్లలకి అన్నాడు. ఆ ప్రోగ్రాం తెరవగానే ఉగాండా పేరు కనిపించేది. వెబ్‌సైట్లలో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ రాసిన రేమండ్ హిల్ అయితే విరాళాలే తీసుకోడు. డబ్బు తీసుకుంటే దాని వెంట వచ్చే బాధ్యతలు వద్దంటాడు. నాకు అర్థమవుతుంది. నూరు రూపాయలు పంపి, "డబ్బు కట్టాను, ఇంకా చేయలేదేం?" అని మూడుసార్లు ఫోన్ చేసినాయన నాకూ ఉన్నారు. ఆయన నూరు ఆయనకి తిరిగి పంపించేశాను. ఆయన అలిగారు. తర్వాత తప్పు అనిపించింది, ఇప్పుడైతే పంపను, మాట్లాడి ఒప్పిస్తాను.

ఇప్పుడు లెక్కలు. గత నెల 31 మంది కలిసి 6,240 రూపాయలు ఇచ్చారు. సర్వరూ, వెబ్‌సైటు పేరూ కలిపి నెలకి 700 పోతుంది. విండోస్ ప్రోగ్రాంకి సంతకం చేసే సర్టిఫికెట్ అని ఒకటి కొనాలి, ఏడాదికి వేలల్లో ఉంటుంది. అది లేకే మీకు ‘తెలియని పబ్లిషరు’ అని భయపెట్టే నీలం పెట్టె వస్తోంది, మీరు వైరస్ అనుకుని నాకు ఫోన్ చేస్తున్నారు. మొదట కొనేది అదే. నెలకి 30 వేలు వస్తే ఆఫీసులో వారానికి ఒకరోజు జీతం వదులుకుని ఆ రోజంతా దీనిమీద కూర్చుంటాను. మా మేనేజరుతో మాట్లాడాను, సరేనన్నారు. 30 వేలు రాకపోతే ఇప్పటిలాగే ఆదివారాలు. ఇప్పుడొచ్చేది కూడా రాకపోతే ఏదో ఒకరోజు పూర్తిగా ఆపేస్తాను, ఆపేముందు ఆరు నెలలు ముందుగా చెబుతాను. ఇది బెదిరింపు కాదండీ, మాస్టారికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబు.

పన్ను మినహాయింపు రసీదు అడగొద్దు, నాది ట్రస్టు కాదు. వచ్చింది నా ఆదాయంగా చూపించి పన్ను కడుతున్నాను, మా ఆడిటరు అలాగే చేయమన్నారు. విదేశాల్లో ఉన్నవాళ్ళు నెలనెలా కార్డు మీద పంపగలుగుతున్నారు. ఇక్కడివాళ్ళకే తంటా. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనతో విదేశీ సైట్లకి నెలవారీ కట్టే కార్డులు చాలా ఆగిపోయాయి. అందుకే యూపీఐ పెట్టాను. పది రూపాయలైనా పంపొచ్చు, మధ్యలో ఎవరూ కోసుకోరు.

పత్రికలవాళ్ళకీ, ప్రచురణకర్తలకీ వేరే మాట. మీరు విరాళం అనకండి. మీ అకౌంటెంటుకి విరాళం అనే పద్దు దొరకదు, వాయిదా వేస్తాడు. నన్ను బిల్లు అడగండి. ‘సాఫ్ట్‌వేర్ నిర్వహణ’ అని రాసిస్తాను, ఆ పద్దు ప్రతి ఆఫీసులో ఉంటుంది. వెయ్యి పేజీల పాత సంచికలు మార్చుకున్న ఒక వారపత్రిక అలా కట్టింది. ఈ ఉపాయం నాకు చెప్పింది కూడా వాళ్ళ అకౌంటెంటే. విద్యార్థులూ, మీ ప్రాజెక్టు దేశదేశాల్లో వాడే స్థాయికి వెళితే షేర్ల కంపెనీ జెరోధా వాళ్ళు ఇలాంటి సాఫ్ట్‌వేర్ కోసం పెట్టిన ఫ్లాస్ ఫండ్ చూడండి. 2024లో మొదలుపెట్టారు, ఏటా 10 లక్షల డాలర్లు. నాలాంటి ఒక భాష పనిముట్టు దానికి చిన్నది. ఒక భాష పనిముట్టుని ఆ భాషవాళ్ళే చూసుకోవాలి, ఇంకెవరు చూస్తారు?

తెరమీద ఉన్నది క్యూఆర్ కోడ్. కావాలంటే ఫొటో తీసుకోండి. ఈలోగా నేను గత నెల చదివింపులు చదువుతాను. చాలామంది పేర్లు వద్దన్నారు, అందుకని ఊళ్ళే చదువుతున్నాను. చిడతలు తేలేదు, క్షమించాలి.

గుడివాడ నుంచి ఒక ప్రింటింగ్ ప్రెస్సువారు, 500. డాలస్ నుంచి ఒక అమ్మాయి, వాళ్ళ నాన్నగారి కవితలు మార్చుకున్నందుకు, 1,500. గవర్నర్‌పేట తమ్ముడు, చిప్ప అన్నందుకు అట, 200. నల్గొండ నుంచి ఒక విలేకరి, 50. ఊరు కూడా చెప్పొద్దన్నవారు ఒకరు, 10. తెనాలి మాస్టారు, ప్రతి నెలా ఒకటో తారీఖున, పింఛను పడ్డ రోజే, నూటపదహార్లు.

ఆ వెనకాయన చెయ్యెత్తారు. మైకు అటివ్వండి.